పున్నమి మర్నాటి రేవు

“చించినాడ మీంచి పోదామంటే విన్నావా?” అన్నాడు హరిబాబు. ఆ మాట అనడం అది నాలుగోసారి.

“వినే ఇటు పోదామన్నాను. వంతెన చుట్టూ తిరిగితే గంట. పంటు ఎక్కితే పావుగంట,” అంది వీరదుర్గ.

“ఎక్కితే కదా! అది ఇసకలో కూచుంది. రేవు గుమాస్తా కూతురికి తెలీనిది నాకు తెలుస్తుందా అని నోరు మూసుకుని స్టీరింగు తిప్పాను చూడు, నన్ననాలి.”

“అయితే మిమ్మల్నే అనుకోండి.”

“నాన్నా, ఏసీ ఆపకు,” అంది వెనక సీట్లో అశ్విని, ఫోన్లోంచి తల ఎత్తకుండా. “మామ్మ పౌడరు కారిపోతోంది.”

“నా పౌడరు సంగతి నీకెందుకే? నీళ్ళెప్పుడొస్తాయో అది చెప్పు,” అంది రత్తమ్మ. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. ఒళ్ళో గుడ్డసంచీని రెండు చేతులా పట్టుకుని, సీటుకి ఆనుకోకుండా, చీర మడత నలగకుండా కూర్చుంది. “ఏమ్మా దుర్గా, ఎప్పుడొస్తాయంటావు?”

వీరదుర్గ విననట్టు కిటికీ వైపు తిరిగింది. అద్దంలోంచి చూస్తే వశిష్ఠ గోదావరి గట్టుని వదిలి దూరంగా జరిగిపోయి, మధ్యలో ఎక్కడో సన్నగా మెరుస్తోంది. రేవు మెట్ల కింద ఎప్పుడూ కనపడని బురద, బురదలో ఎవరిదో ఒంటి చెప్పు, చెప్పు పక్కనే నింపాదిగా అడుగులేసే కొంగ. కార్లనీ మోటారు సైకిళ్ళనీ మనుషుల్నీ కలిపి అవతలి గట్టుకి చేర్చే ఆ వెడల్పాటి పంటు ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని మీద పనివాళ్ళు చుక్కాని గది నీడన కాళ్ళు చాపుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. కారుకి ముందు రెండు ఆటోలు, ఒక పాల వ్యాను. వెనక వరసగా మోటారు సైకిళ్ళు. మూడుంపావుకి వచ్చి నిలబడ్డారు, ఇప్పుడు మూడూ నలభై. అవతల మలికిపురంలో సభ ఐదున్నరకి. వినీల పుస్తకం ఆవిష్కరణ. ఆహ్వానపత్రికని హరిబాబు అద్దం కింద నిలబెట్టాడు, దారి అడగాల్సి వస్తే పనికొస్తుందని. పైన వినీల ఫోటో, గాలికి ఎగిరే జుట్టు, వెనక కొబ్బరితోట. కింద పెద్ద అక్షరాల్లో, గౌరవ సత్కారం, శ్రీమతి రత్తమ్మ గారు, లేసు కళాకారిణి, నరసాపురం. దాని కింద, ఇంకా కింద, ఆత్మీయ అతిథులు అన్న చోట ఏడు పేర్లలో ఐదోది వి. దుర్గ. పేరుకి ముందు ఏమీ లేదు. ఆరో ఆయన పేరుకి ముందు ‘ప్రముఖ రొయ్యల వ్యాపారి’ అని ఉంది. పాతికేళ్ళుగా రాస్తున్న మనిషి, ఐదు పుస్తకాల మనిషి, ఇప్పుడు అత్తగారికి శాలువా కప్పుతుంటే కింద కూర్చుని చప్పట్లు కొట్టడానికి పోతోంది.

హరిబాబు ఊరికే ఉండలేక కారుని ఒక అడుగు ముందుకి జరిపి మళ్ళీ ఆపాడు. డిక్కీలో పుస్తకాల కట్టలు రెండూ ధన్‌మని ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఒక్కో కట్టలో పాతిక. పొద్దున్నే ఆయనే తెచ్చి పెట్టాడు, అక్కడ పుస్తకాల బల్ల వేస్తారట, నీవి కూడా పెట్టుకోమంది వినీల అంటూ. పెట్టుకోమంది. పెళ్ళివారింట్లో చివర ఒక విస్తరి మిగిలింది, నువ్వూ కూర్చోమన్నట్టు. ఆ కట్టల్లో ఉన్నది ఐదో పుస్తకం. చీటీ పాడి, పాట తగ్గి చేతికొచ్చిన యాభై రెండు వేలూ ఇచ్చి ఐదు వందల కాపీలు వేయించింది. అందులో నూట నలభై గౌరవ ప్రతులని తన చేత్తోనే అట్టలు చుట్టి, చిరునామాలు రాసి, తపాలా బిళ్ళలు అంటించి పంపింది. అందిందని ఫోన్ చేసినవాళ్ళు పదకొండు మంది. చదివామన్నవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో ఒకాయన మెచ్చుకున్న కథ ఆ పుస్తకంలో లేదు. ఆవిష్కరణ భీమవరంలో పెట్టించింది. హాలు అద్దె, మైకు, జీడిపప్పు ఉప్మా, ఎనిమిది శాలువాలు. ముఖ్య అతిథి ముప్పావు గంట తన చిన్నతనం గురించి మాట్లాడి చివర్లో ‘మన దుర్గాదేవి గారు’ అని ముగించాడు. దుర్గాదేవి ఎవరా అని ఆవిడే పక్కకి చూసింది. రాజమండ్రి పుస్తకాల కొట్లో యాభై కాపీలు ఇచ్చి రెండేళ్ళయ్యాక, వాటి సంగతేమిటని అడుగుదామని బస్సెక్కి వెళ్ళింది. కొట్టాయన మర్యాదస్తుడు. ఫ్యాను కింద కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, ఇంట్లో అందరూ బాగున్నారా అన్నాడు. ఆ మర్యాదకి అడగాల్సింది అడగలేకపోయింది. టీ తాగి ఊరికే లేచి రావడం బాగుండదని, మూడు వందల ఎనభై పెట్టి ఇంకొకరి నవల కొనుక్కుని బయటపడింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ నవల చదివింది కూడా. బాగుంది. అది ఇంకో బాధ.

మిగిలిన పుస్తకాలు హాల్లో గోడవారన నడుమెత్తు దొంతరగా ఉన్నాయి. పురుగు పట్టకుండా మధ్యమధ్య వేపాకు వేసి, పైన పెళ్ళినాటి లేసు గుడ్డ ఒకటి కప్పి, దాని మీద టీవీ పెట్టారు. వచ్చినవాళ్ళు బల్ల బాగుందండీ అంటారు.

వినీలకి ఈ బల్ల అక్కర్లేదు. వినీల పుస్తకం అచ్చుకి వెళ్ళకముందే పన్నెండు వందల కాపీలు అమ్ముడైపోయాయి. వీరదుర్గకి అచ్చయి రెండేళ్ళయినా రాని డబ్బు, ఆ పిల్లకి అచ్చు కాకముందే వచ్చింది. ఎలా వచ్చిందంటే అడగడం చేతనయ్యి వచ్చింది. కాలవగట్టు మీద కూర్చుని కథ చదువుతూ వీడియో, వంటింట్లో పులుసు కలియబెడుతూ వీడియో, ముఖచిత్రం రెండిట్లో ఏది బాగుందో చెప్పండి అని ఒక వీడియో. ఆ పిల్లవి అవన్నీ ముప్పై వేల మంది చూస్తారు. ఎంతమంది చూశారో వీరదుర్గ పొద్దున పాలు పొంగేలోపు ఒకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి చూసుకుంటుంది, ఒంట్లో జ్వరం ఎంతుందో చూసుకున్నట్టు. నా పుస్తకం కొనండని నేనే అడగాలా, కూరగాయల గంపా ఇది, అని ఎన్నిసార్లు అనుకుందో. అలా అనుకుంటూనే కిందటేడు అశ్విని చేత తనూ ఒక వీడియో తీయించుకుంది. గంజి పెట్టిన చీర కట్టుకుని కూర్చుని నమస్కారం అంది. తర్వాత ఏమనాలో తోచలేదు. నలభై మూడు మంది చూశారు. అందులో పంతొమ్మిదిసార్లు చూసింది తనే.

“అవతల గట్టు మీద ఎండ తగ్గినట్టుంది. అటు నీళ్ళొచ్చాయేమోరా హరీ,” అంది రత్తమ్మ.

“అటొచ్చి ఇటు రాకుండా ఉంటాయా అమ్మా!”

“ఏమో, నీకేం తెలుసు. మీ మావయ్యగారుంటే చెప్పేవాడు.”

చెప్పేవాడు. పడవలూ బల్లకట్టూ నడిచే రోజుల్లో రేవు వేలంపాట ఎవరు పాడుకున్నా గుమాస్తా మాత్రం వీరదుర్గ నాన్నే. తాటాకు పాకలో చెక్కబల్ల ముందు కూర్చుని చీట్లు రాసేవాడు. సైకిలుకి ఇంత, మేకకి ఇంత, పెళ్ళివారి పల్లకీకి ఇంత. బడి వదిలాక వీరదుర్గ ఆ పాకలోనే కూర్చుని చీట్ల వెనక వైపు అక్షరాలు దిద్దింది. ఆయన పంచాంగం చూసి నది చెప్పేవాడు. పున్నమికీ అమావాస్యకీ పొద్దున తొమ్మిదింటికి పోటు, మధ్యాహ్నం మూడున్నరకి ఆటు. ఆ రోజుల్లో నది అడుగంటా తోడేసినట్టు లాగేస్తుందమ్మా, ఆ మర్నాడు ఇంకో ముప్పావు గంట వెనక్కి వేసుకో, అనేవాడు. లెక్క మర్చిపోవడానికి అది పుస్తకంలో చదివిన లెక్క కాదు. ఇవాళ పున్నమి వెళ్ళిన మర్నాడు. పొద్దున కాఫీ కాస్తూ గోడ మీది క్యాలెండరు వైపు చూసినప్పుడే ఆవిడకి తెలుసు, మూడు దాటాక పంటు కదలదనీ, మళ్ళీ ఐదున్నర దాటితే గానీ తేలదనీ. చూసింది, స్టవ్ తగ్గించింది, కాఫీ గ్లాసు మొగుడి చేతికిచ్చి, వంతెన చుట్టు ఎందుకండీ, రేవు మీంచి పోదాం, అత్తయ్య గోదారి చూసి ఎన్నాళ్ళయిందో అంది. ఎంత మామూలుగా అందంటే, ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని తనే నమ్మలేదు. సభకి రాననలేదు. అంటే ఊరంతా అంటారు, కుళ్ళు అని. వెళ్ళింది కానీ అందలేదు, అది వేరు. నది అడ్డం పడింది, ఎవరేం చేస్తారు. ఏడింటికి చేరతారు. అప్పటికి శాలువాలు అయిపోతాయి, కుర్చీలు ఎత్తేస్తుంటారు. అయ్యో మామ్మగారూ అని వినీల పరుగెత్తుకొస్తుంది. ఆ అయ్యోని వీరదుర్గ పొద్దుట్నించీ నోట్లో చప్పరించుకుంటూనే ఉంది.

నాలుగేళ్ళ కిందట వినీల మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు కూడా ఇలాగే ఎండ. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో ఒక కథ, దుర్గ గారూ మీరు దిద్దితే చాలండీ అంది. వీరదుర్గ ఎర్ర పెన్నుతో దిద్దింది. మొదటి పేజీ కొట్టేసింది, పోలికలు కొట్టేసింది, ఏడుపులు కొట్టేసింది. పిల్ల బుద్ధిగా తల ఊపింది కానీ మధ్యలో చూపు వసారా వైపు పోతోంది. అక్కడ చాప మీద రత్తమ్మ లేసు అల్లుతోంది. సూది ముక్కు మెరవడం, దారం ఉండ కాస్త కాస్త దొర్లడం. కాసేపటికి వినీల లేచి వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది, కొత్త చీరతో. మామ్మగారూ ఇన్ని రేకులు లెక్క ఎలా ఉంచుకుంటారండీ అంటోంది. ఇక్కడ వీరదుర్గ చేతిలో మూడో పేజీ, ఎర్ర పెన్ను మూత తీసి ఉంది. దిద్దడం మీద శ్రద్ధ లేదు ఈ పిల్లకి, పైకి రాదు, అనుకుంది. ఆవిడ అంత కచ్చితంగా అనుకున్నది మరొకటి లేదు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా వినీల ముందు వసారాలోకే వెళ్ళేది. రాకపోతే ఫోన్ చేసేది. అశ్విని పాత ఫోను రత్తమ్మ చాప పక్కనే ఉండేది. మధ్యాహ్నాలు గదిలో తలుపేసుకుని వీరదుర్గ రాసుకుంటుంటే, తలుపు కింది సందులోంచి వినీల గొంతు వచ్చేది, కథ చదువుతూ. అత్తగారు వింటూ, అల్లుతూ, మధ్యలో ఓసి పిచ్చిదానా అని నవ్వుతూ. ఆవిడకి చదువు రాదు. కోడలి ఐదు పుస్తకాల్లో ఒక్క ముక్క ఆవిడకి తెలీదు. వాసన బాగుందమ్మా అని మాత్రం ప్రతి పుస్తకాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

“అశ్వినీ, ఇంకోసారి చదవ్వే ఆ ముక్క,” అంది రత్తమ్మ.

“ఏ ముక్క మామ్మా?”

“అదే, వాడి గురించి రాసింది. నమ్మనన్నవాడు.”

అశ్విని ఫోను పక్కన పెట్టి సంచీలోంచి పుస్తకం తీసింది. వినీల ముందే పోస్టులో పంపిన కాపీ. మొదటి పేజీల్లో కృతజ్ఞతలు అన్న చోట వేలు పెట్టి, తల్లి వైపు ఒక్క చూపు చూసి, చదివింది. “లేసు అల్లే మామ్మ కథ నా ఛానెల్లో చదివినప్పుడు, అలా ఎవరూ చెయ్యరని, ఇది కల్పించినట్టుందని నిర్మొహమాటంగా రాసిన పాఠకులు ప్రసన్నకుమార్ గారికి కృతజ్ఞతలు. ఆయన అనుమానం వల్లే మామ్మగారి పేరు దాచకూడదనీ, ఆవిడని సభకి పిలిచి అందరి ముందూ అల్లించాలనీ అనిపించింది.”

“వస్తాడంటావా వాడు?” అంది రత్తమ్మ.

“ఎవరు మామ్మా?”

“ప్రసన్నకుమారే. వస్తే బాగుణ్ణే. సూదీ దారం తెచ్చాను. మొహాన పెట్టి చూపిస్తాను వెధవకి. నరసాపురంలో పుట్టి పెరిగానని రాశాడంట కదా, ఏ వీధో?”

హరిబాబు పకపకా నవ్వాడు. అశ్విని నవ్వలేదు.

ఏ వీధో వీరదుర్గకి తెలుసు. ప్రసన్నకుమార్ ఆవిడ ఫోన్లో పుట్టాడు, తామరపువ్వు బొమ్మతో, ఒక మధ్యాహ్నం. వినీలని తన పేరుతో మెచ్చుకోవడం తప్పదు, అభినందనలు అని రాసి ఒక పువ్వు పెట్టాలి, రెండు పెట్టేది కాదు. మెచ్చుకోకుండా ఉండాలంటే ఇంకో మనిషి కావాలి. మగవాడైతే మాటకి బరువుంటుంది. వినీల ఆ కథ చదువుతున్న వీడియో చెవిలో వైరు పెట్టుకుని మూడుసార్లు వింది. ఒక ముసలావిడ, యాభై ఏళ్ళుగా ఏజెంటు ఇచ్చే దారంతో అల్లుతుంది. అల్లినవి ఎక్కడికో పోతాయి, ఎవరి బల్లల మీదో పరుచుకుంటాయి. ఎవరల్లారో ఎవరికీ తెలీదు. అందుకని ఆవిడ ప్రతి గుడ్డలో ఒకే ఒక్క పువ్వులో, ఒక రేకుకి ఏడు గొలుసు కుట్లు వెయ్యాల్సిన చోట ఆరు వేస్తుంది. ఏజెంటు కంట్లో పడకుండా, కూలి తెగకుండా. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. వినగానే వీరదుర్గకి తెలిసిపోయింది, అది బాగుంది. ఇది నాకెందుకు తట్టలేదు అనుకుంది. ఆ వెంటనే ప్రసన్నకుమార్ చేత రాయించింది: ‘నరసాపురంలో పుట్టి పెరిగినవాడిగా చెబుతున్నాను. లేసు అల్లే ఆడవాళ్ళు అలా తప్పు కుట్టరు. కథ కోసం కల్పించినట్టుంది.’ అరగంటలో వినీల జవాబు వచ్చింది. ‘నాకు చెప్పిన మామ్మగారు చేస్తారండీ. మీరన్నాక ఇంకోసారి అడిగి చూస్తాను.’ ఆ సాయంత్రమే అనుకుంటా, వసారాలో ఫోన్ మోగింది, అత్తగారు పెద్దగా నవ్వి ఎవడే వాడు అంది. వీరదుర్గ వంటింట్లో చారు పోపు పెడుతోంది. ఎవరి గురించో అనుకుంది, వినీల చెప్పిన మామ్మ ఆ వసారాలోనే ఉందని తట్టలేదు. పోపు మాడింది.

మంగళవారం పోస్టులో పుస్తకం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. కత్తెర కోసం చూడకుండా పళ్ళతోనే అట్ట చింపింది. పేజీల మధ్య వేలెడంత లేసు ముక్క, పేజీ గుర్తుగా, దానికి కుట్టిన చిన్న కార్డు. ‘అల్లినవారు: రత్తమ్మ గారు, నరసాపురం.’ మొదట కొన్న మూడు వందల మందికి అలాంటివి మూడు వందలు. నాలుగు నెలలుగా వీరదుర్గ కళ్ళ ముందే, ఆ చాప మీదే తయారైనవి. ఏజెంటు బుల్లిరాజు ఆర్డరేమో అనుకుంది, అనుకోవడం కూడా కాదు, చూడలేదు. కార్డు చేతిలో పట్టుకుని నిలబడే కథ చదివింది. చదివి హాల్లోకి వెళ్ళి, టీవీని ఒంటి చేత్తో ఎత్తి పట్టుకుని, తన పుస్తకాల మీద కప్పిన ఆ లేసు గుడ్డని లాగింది. పెళ్ళిలో అత్తగారు పెట్టింది. దుమ్ము పట్టి, ఒక చోట కాఫీ మరక. కిటికీ వెలుగులో పెట్టుకుని గోటితో ఒక్కో రేకులో గొలుసులు లెక్కపెట్టింది. ఏడు, ఏడు, ఏడు. మూడో వరసలో నాలుగో పువ్వు దగ్గర గోరు ఆగింది. ఆరు. మళ్ళీ లెక్కపెట్టింది, ఆరే. బీరువా తెరిచి దిండు గలీబులు తీసింది, అశ్విని ఉయ్యాల గుడ్డ తీసింది. అన్నిట్లోనూ ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ గలీబుల మీద తల పెట్టుకుని పడుకుని, ఇళ్ళల్లో ఆడవాళ్ళ గురించి కథలు రాసుకుంటోంది. అప్పుడు ఏడుపొచ్చిందా అంటే రాలేదు. నాది అనిపించింది. ఈ ఇంట్లో ఉన్నది, నా గుమ్మంలో ఉన్నది, ఆ పిల్ల నది దాటి వచ్చి పట్టుకుపోయింది. గుడ్డని మళ్ళీ యథాప్రకారం పరిచి టీవీ పెట్టేసింది. కాఫీ మరక వెనక వైపుకి వచ్చేలా.

నాలుగూ ఐదైంది. పాల వ్యాను డ్రైవరు సీటు వెనక్కి వాల్చి నిద్రపోతున్నాడు. బుట్టతో చేపలామె ఒకామె ఆటో దిగి, అటూ ఇటూ చూసి, చీర పైకి దోపి, బురదలోకి దిగి మెల్లగా నీళ్ళున్న వైపు నడిచింది. అక్కడ లోతులో ఒక చిన్న పడవ ఆగి ఉంది. మోకాళ్ళ దాకా కూరుకుపోతూ, కాలు లాక్కుంటూ ఆమె పడవ చేరింది. రత్తమ్మ కన్నార్పకుండా చూసింది.

“అత్తయ్యా,” అంది వీరదుర్గ, వెనక్కి తిరక్కుండా. “ఆ ఆరు గొలుసుల సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?”

“ఏ సంగతి?”

“అదే, రేకులో ఒక గొలుసు తగ్గించి వేసేది.”

రత్తమ్మ ఆలోచించింది. “నువ్వెప్పుడడిగావమ్మా? రాసుకుంటున్నప్పుడు పలకరించొద్దన్నావు. తలుపేసుకుంటావు. తలుపు తీశాక వంటకి టైమైపోయేది.” అందులో నిష్ఠూరం లేదు. ఇల్లు ఎలా నడిచిందో చెప్పినట్టు చెప్పింది. “అయినా అదేమన్నా చెప్పుకునే విషయమా? తప్పు కుట్టడం. బుల్లిరాజుకి తెలిస్తే పని మానిపించేవాడు. ఆ పిల్ల పక్కన కూచుని, చేత్తో తడిమి పట్టేసింది. ఏంటి మామ్మగారూ ఇక్కడ ఒకటి తగ్గింది అంది. యాభై ఏళ్ళలో అదొక్కతే పట్టుకుంది. ఇంక చెప్పక ఏం చెయ్యను?”

“పైదేశాలు పోయాక ఎవరు చూస్తారు మామ్మా?” అంది అశ్విని.

“ఎవరూ చూడరు. నాకు తెలుసుగా.”

పట్టేసింది, వీరదుర్గ తలలో ఆ మాట తిరిగింది. అడిగి తెలుసుకోలేదు, దొంగిలించలేదు, చేత్తో తడిమి పట్టుకుంది. దాన్ని ఏమనీ తిట్టడానికి లేదు. ఎర్ర పెన్నుతో కొట్టేయడానికి లేదు. అద్దంలో అత్తగారి మొహం కనిపిస్తోంది, పౌడరు గీతలు కట్టింది, బొట్టు కాస్త పక్కకి జరిగింది, పెదాలు కదులుతున్నాయి. మైకులో అనాల్సిన మాటలు నెమరేసుకుంటోంది పొద్దుట్నించీ. అందరికీ నమస్కారమండీ, నా పేరు రత్తమ్మండీ. అంతే. దానికి రెండు రోజులుగా అశ్విని తర్ఫీదు ఇస్తోంది. ఆహ్వానపత్రికలో తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని ఎన్నిసార్లు అడిగిందో, ఆ చోట కాగితం కొంచెం నల్లబడింది. వీరదుర్గకి తన మొదటి కథ అచ్చయిన రోజు గుర్తొచ్చింది. వారపత్రికలో పేరు, తడి ఇంకా ఆరనట్టు. పాకలో నాన్న ఆ పేజీని చీట్ల బల్ల మీద పరిచి, రేవు దాటే ప్రతివాడికీ, సైకిలువాడికీ మేకలవాడికీ, ఇదిగో మా అమ్మాయి అని చూపించాడు. నాకు పుస్తకాలమ్మడం చేతకాదు అనుకుంటుంది కానీ నాన్నకి ఎంత బాగా చేతనయ్యింది! చీటీ చింపి ఇస్తూ అడిగేవాడు, చదివి వెళ్ళు బాబూ, బల్లకట్టు ఆగుతుందిలే అని. ఆయన రేవులో, ఆయన నేర్పిన లెక్కతో, ఇవాళ తను ఒక ముసలావిణ్ణి ఆపి కూర్చోబెట్టింది.

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. వేడిగాలి, బురద వాసన లోపలికి వచ్చాయి.

“ఎక్కడికమ్మా?” అన్నాడు హరిబాబు.

“ఆ చేపలావిడ పోయింది చూశావా పడవలోకి? నేనూ పోతానురా. అవతల ఎవరినన్నా అడిగితే బండి మీద దింపరూ? మీరు నీళ్ళొచ్చాక రండి.” రత్తమ్మ అప్పటికే ఒక కాలు కింద పెట్టి, వంగి, చెప్పులు విప్పి సంచీలో పెట్టుకుంటోంది. సూదీ దారం మీద చెప్పులు పెడితే అవి మురికవుతాయని మళ్ళీ తీసి చేత్తో పట్టుకుంది. చీర కుచ్చెళ్ళు పైకెత్తి దోపుకుంది. పిక్కలు సన్నగా, కర్రల్లా ఉన్నాయి.

“మామ్మా! మోకాలు దాకా దిగిపోతావు!”

“దిగితే కడుక్కుంటాను. వాడొచ్చి చూసి, చెప్పానా ఎవరూ లేరని, అనుకుని పోతాడు.”

ఇంకా చెప్పకపోతే ఆవిడ నిజంగానే దిగుతుంది. దిగితే పడుతుంది. పడకపోతే అవతల గట్టు చేరి, బురద కాళ్ళతో వేదికెక్కి, రాని మనిషి కోసం హాలంతా వెతుక్కుంటుంది. వీరదుర్గ కళ్ళ ముందు హాలు కనిపించింది, వేదిక మీద కుర్చీలు, గాలికి ఎగిరే జుట్టుతో వినీల. ఐదో అతిథికి రెండు నిమిషాలు ఇస్తారు. రెండు నిమిషాల్లో ఎవరి మాటా ఎవరూ వినరు. అదే తను ఆ పేరు చెబితే, హాలంతా తన వైపు తిరుగుతుంది, ఫోన్లన్నీ లేస్తాయి, వినీల కూడా నోరు తెరుచుకుని చూస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది. అయినా పోలేదు. పోనీ ఉండనీ అనుకుంది.

తలుపు తెరిచి దిగింది. అత్తగారి చేతిలోంచి చెప్పులు తీసుకుని, వంగి, ఆవిడ కాళ్ళ ముందు పెట్టింది.

“వేసుకోండి అత్తయ్యా. నీళ్ళు ఐదున్నర దాటితే గానీ రావు. నాకు పొద్దున్నే తెలుసు,” అంది. హరిబాబు సీట్లోంచి ఇటు తిరిగాడు. అశ్విని ఫోను ఒళ్ళో బోర్లించింది. వీరదుర్గ ముగ్గురికీ వినపడేంత గొంతుతోనే, అంతకంటే పెంచకుండా, చెప్పింది. “మీరు కారు తిప్పండి, వెనక బళ్ళు నేను జరిపిస్తాను. చించినాడ మీంచి పోతే ఐదుంపావుకి అందుతాం. ఆ ప్రసన్నకుమార్ ఎవరో సభలో నేను చెబుతాను.”